పరగడుపు మాత్ర

రాయదుర్గంలో జీన్స్ కుట్టే చౌడేశ్వరి పొద్దున లేవగానే పరగడుపున ఒక గ్యాస్ మాత్ర వేసుకుంటుంది. భర్త చనిపోయిన ఏడాది కడుపులో మంట మొదలైతే, నెల రోజులకని ఎవరో డాక్టరు రాసిచ్చిన మాత్ర అది. పదకొండేళ్లయింది. ఖాళీ అట్ట చూపిస్తే మందుల షాపాయన ఇంకోటి చేతిలో పెడతాడు, ఇద్దరూ మాట్లాడుకోరు. ఒంటిమనిషికి పొయ్యి ఎందుకని బండి దగ్గర బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిని మిషన్ ముందు కూర్చుంటుంది. ఈమధ్య కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయి, పట్టుకున్న గుండీ వేళ్లలోంచి జారిపోతోంది. వయసు అనుకుంది.

ఒక మంగళవారం పక్క మిషన్ నల్లమ్మ కేక వేసింది. "అక్కా, సూది వేల్లో దిగిండాది! నొప్పి తెలీలేదా?" చౌడేశ్వరి చూసుకుంది. నీలం గుడ్డ మీద రక్తం పాకుతోంది. వేలు తనది కానట్టే ఉంది.

రెండ్రోజుల తర్వాత సర్కారు ఆస్పత్రిలో డాక్టరమ్మ రక్తపరీక్ష కాగితం, చౌడేశ్వరి తెచ్చిన మాత్రల అట్ట చూసింది. "బి12 విటమిన్ బాగా తగ్గిపోయింది. ఈ మాత్ర ఏండ్ల తరబడి మింగితే ఆ విటమిన్ తిండిలోంచి ఒంటికి పట్టదు, నరాలు దెబ్బతింటాయి. ఇన్నేండ్లలో మానేయమని ఎవరూ చెప్పలేదా?"

"చెప్పేదానికి ఇంట్లో ఎవురుండారమ్మా?"

డాక్టరమ్మ ఇంజెక్షన్ వేసి, మాత్ర ఒక్కసారిగా కాకుండా మెల్లగా మానిపిస్తానంది. "వారం వారం రావాల. రాకపోతే నేనే ఫోన్ చేస్తా."

చౌడేశ్వరి గడప దాకా పోయి వెనక్కి వచ్చింది. "నా నెంబరు సరిగ్గా రాసుకున్నారా అమ్మా?" అని అడిగి, ఒక్కో అంకె నెమ్మదిగా మళ్లీ చెప్పింది.