సి షిఫ్టు ఆదివారాలు

లెక్కలంటే పిల్లలకు భయం అంటారు గానీ, ఆ భయం వాళ్ళు పుడుతూ తెచ్చుకున్నది కాదు, పెద్దవాళ్ళు కూర్చోబెట్టి నూరిపోసింది. పిడుక్కీ బియ్యానికీ ఒకే మంత్రం అన్నట్టు అన్నిటికీ ఒకే పద్ధతి బట్టీ పట్టిస్తే ఎవరికి మాత్రం హుషారుంటుంది? రోజారమణి టీచరు ఇంట్లో అయితే ఆదివారం పొద్దున్న లెక్కల కోసం పిల్లలు కొట్టుకునేవారు.

దువ్వాడ స్టేషన్ వెనక చిన్న డాబా ఆమెది. ముందు గది గోడకు ఓ అట్టచక్రం ఉంటుంది. చీర పెట్టె మూతను గుండ్రంగా కత్తిరించి, నడుమ చొక్కా గుండీ కుట్టి చేసింది. అందులో ఎనిమిది గళ్ళు: రెండు ఏ, రెండు బి, రెండు సి, రెండు సెలవు. స్టీలు ప్లాంటులో ఆమె భర్త శ్రీరామ్మూర్తికి షిఫ్టులు అలాగే తిరిగేవి. ఏ అంటే పొద్దున్న, బి అంటే మధ్యాహ్నం, సి అంటే రాత్రి.

నరసన్నపేట దగ్గరి పల్లె నుంచి కొత్త పెళ్ళికూతురుగా ఉక్కునగరం క్వార్టరుకు వచ్చినప్పుడు ఆమెకు పలకరించే దిక్కు లేదు. తెలుసుకోవాలనుకున్నదల్లా ఒకటే. వచ్చే పండగకి ఈ మనిషి ఇంట్లో ఉంటాడా, ఉండడా? ఆ బెంగలోంచి పుట్టిందే ఆ చక్రం. తర్వాత బడిలో టీచరై, ఈ డాబా కట్టుకున్నాక దాన్నే ప్లాంటువాళ్ళ పిల్లల ముందు పెట్టింది.

"వినాయకచవితికి మీ నాన్న ఇంట్లో ఉంటారా?" అని అడిగేది. ఇంకా పందొమ్మిది రోజులుందనుకోండి. ఎనిమిదితో భాగిస్తే మూడు మిగులుతుంది. ఇవాళ్టి గడి నుంచి మూడు గళ్ళు ముందుకు జరిగితే నాన్న ఎక్కడున్నాడో తెలిసిపోతుంది. భాగహారమంటే ఏడుపు మొహం పెట్టే పిల్లలు కూడా పుట్టినరోజులకీ, ఎగ్జిబిషన్‌కీ, అమ్మమ్మ ఊరి జాతరకీ లెక్కలు కట్టి ఎగిరి గంతులేసేవారు. నాన్న దొరికే లెక్క తీపిగా ఉండక ఏం చేస్తుంది!

పిల్లల్లేని ఇంటికి ఆదివారమొక్కటే సందడి. మూడేళ్ళ కిందట శ్రీరామ్మూర్తి గుండెపోటుతో పోయాక అదీ లేకపోతే ఆమె ఏమైపోయేదో. కానీ పిల్లలు ఎన్నాళ్ళుంటారు? ఒకరి తర్వాత ఒకరు సిటీలోని ద్వారకా నగర్ కోచింగులకు తరలిపోయారు. చివరికి ఆరో తరగతి చదివే శ్రీసత్య ఒక్కతే మిగిలింది. ఆ పిల్ల తండ్రి ఉమామహేష్, శ్రీరామ్మూర్తితో కలిసి ఒకే షిఫ్టు గ్రూపులో పనిచేసినవాడు.

ఆ ఆదివారం శ్రీసత్య వెనకాలే ఉమామహేష్ కూడా వచ్చాడు. రాత్రి డ్యూటీ దిగి నిద్రపోలేదేమో, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అతను గుమ్మంలో నిలబడగానే సంగతేమిటో రోజారమణికి తెలిసిపోయింది. ఈ ఒక్క ఏడాదికి పిల్లను నా దగ్గరే ఉంచయ్యా అని అడగాలని వారం రోజులుగా మనసులో అనుకుంటూనే ఉంది. మాట నాలుక చివర సిద్ధంగా ఉంది.

"ఏటక్కా, బావున్నావా! దీన్ని కోచింగులో సేరుస్తన్నాం. ఇయ్యాలే సీటు ఇత్తామన్నారు. నీకు సెప్పకుండా సేరిస్తే బావుండదని..." ప్లాంటులో మిషన్ల మధ్య మాట్లాడి మాట్లాడి గొంతు పెద్దదైపోయిన మనిషి. వీధి చివరికి వినబడింది.

"ష్! మెల్లిగా," అంది రోజారమణి, పెదవుల మీద వేలు పెట్టి.

ఉమామహేష్ నాలుక కరుచుకుని లోపలి గది వైపు చూశాడు. "ఎవులైనా పడుకున్నారేటి?"

రోజారమణి కూడా అటే చూసింది. లోపల ఖాళీ మంచం తప్ప ఏమీ లేదు.

"సారు పడుకున్నారు నాన్నా," అంది శ్రీసత్య. ఆ పిల్ల చక్రం దగ్గర నిలబడి ఉంది. "టీచరు రెండు ఆదివారాలు వరసగా మెల్లిగా అంటారు. తర్వాత ఆరు ఆదివారాలు ఎంత అరిసినా ఏటీ అనరు. మళ్ళీ రెండు ఆదివారాలు అంటారు. మనింట్లో అమ్మ మెల్లిగా అన్న రోజులూ అవే. నాను సక్రం తిప్పి సూసాను. సారుది, నీది ఒకే గ్రూపు కదా!"

కష్టమైన లెక్క తేల్చిన సంతోషంతో ఆ పిల్ల మొహం వెలిగిపోతోంది. అందులో దుఃఖమేదైనా ఉందని దానికి తోచనే లేదు.

రోజారమణి చక్రం మీది సి గళ్ళ వైపు చూసింది. సి షిఫ్టు చేసి వచ్చిన మనిషి పగలు పడుకుంటే ఆ ఇళ్ళల్లో గరిటె కింద పెట్టాలన్నా చూసుకుని పెడతారు. శ్రీరామ్మూర్తి మరీ విడ్డూరం, పక్కనుంచి రైలు పోయినా లేచేవాడు కాదు, పిల్లల గొంతు వినపడితే లేచి కూర్చునేవాడు. అందుకని ఆమె పిల్లల్ని కసిరేది. మనిషి పోయాక కూడా తప్పకుండా అవే ఆదివారాల్లో కసురుతూనే ఉందని ఇంతవరకూ ఆమెకే తెలియదు.

"అక్కా..." అన్నాడు ఉమామహేష్. అతని గొంతు నిజంగానే తగ్గింది. "పోనీ, ఈ ఏడాదికి నీ కాడే ఉంచీమంటావా?"

అడగాలనుకున్న మాట అతనే అడిగాడు. ఊ అంటే చాలు. కానీ ఈ పిల్లను ఉంచుకోవాలనుకున్నది ఎవరి కోసమో ఇప్పుడు పెద్దవాళ్ళిద్దరికీ తెలిసిపోయింది. చదువు కోసం వచ్చే పిల్లను తన ఒంటరితనానికి కాపలా పెట్టుకోవడానికి ఆమెకు మనసొప్పలేదు.

"చేర్చు తమ్ముడూ. ఇంత లెక్క తనంతట తనే పట్టిన పిల్లకు నేను నేర్పేదేముంది?" అంది. తర్వాత శ్రీసత్యను దగ్గరికి తీసుకుని తల నిమిరింది. "అక్కడ ఎవరైనా భయపెడితే భయపడకు. నీకు లెక్కలొచ్చు."

వాళ్ళు వెళ్ళేటప్పుడు ఉమామహేష్ గేటు చప్పుడు కాకుండా వేశాడు.

మరుసటి ఆదివారం రోజారమణి పెందలాడే లేచింది. చాప వేసి, సుద్దముక్కలు పక్కన పెట్టి, ఎవరూ రారని గుర్తొచ్చి మళ్ళీ తీసేసింది. చక్రం చూసింది. రెండో ఆదివారం. మెల్లిగా ఉండాల్సిన రోజే. గూడ్సు బండి ఇల్లంతా అదరగొడుతూ పోయింది. తర్వాత మళ్ళీ నిశ్శబ్దం. మెల్లిగా అని చెప్పడానికి ఇంట్లో ఎవరూ లేరు.