బాబాయి స్నానాల గది

మా పిన్ని దర్జీ. తను కుట్టిన చొక్కా చంక దగ్గర పట్టేసిందని ఎవరైనా తెస్తే "మీరే లావయ్యారు" అనదు. గుడ్డ తిరగేసి, కుట్లు విప్పి, మళ్లీ కుట్టి ఇస్తుంది. పని చేసేవాళ్లందరూ ఇలాగే ఉంటారని పాపం ఆమె నమ్మకం. ఆ నమ్మకాన్ని ఎలా ఊడబెరికారో తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం ఆగదు.

బాబాయి బస్సు డ్రైవరుగా చేసేవాడు. రెండేళ్ల కిందట ప్రమాదంలో కుడికాలు తీసేశారు. చక్రాల కుర్చీకి అలవాటు పడ్డాడు, ఇంట్లో కూర్చోవడానికీ అలవాటు పడ్డాడు. పెళ్లాం చేత స్నానం చేయించుకోవడానికి మాత్రం అలవాటు పడలేదు. ఆ సంగతి బయటికి పొక్కనిచ్చేవాడు కాదు. నేను వెళ్లినప్పుడల్లా "ఇప్పుడే స్నానం చేసొచ్చానమ్మా" అనేవాడు. నేనూ ఏమీ ఎరగనట్టు ఊరుకునేదాన్ని.

అందుకే స్నానాల గది బాగుచేయించాలనుకున్నారు. ఇళ్ల మరమ్మతుల కంపెనీ యజమాని స్వయంగా వచ్చాడు. మాటకు ముందొక నవ్వు, మాట తర్వాత ఇంకో నవ్వు. పిన్ని ఆయనకు నవ్వులరాజు అని పేరు పెట్టింది, అప్పట్లో ముద్దుగానే.

"గడప తీసేస్తామమ్మా, కుర్చీ తిన్నగా లోపలికి వెళ్లిపోతుంది. కూర్చోడానికి బల్ల, పట్టుకోడానికి గోడకి కడ్డీ. సారు తలుపేసుకుని హాయిగా స్నానం చేసుకోవచ్చు. పదేళ్ల గ్యారంటీ!"

తలుపేసుకుని అన్న మాటకే బాబాయి కరిగిపోయాడు.

పన్నెండు రోజుల్లో పని అయిపోయిందన్నారు. మొదటిరోజు బాబాయి తలుపేసుకుని నీళ్లు పోసుకున్నాడు. నేల వాలు తిరగబడి ఉంది. నీళ్లు జాలీ వైపు పోకుండా తలుపు కిందనుంచి పడకగదిలోకి వచ్చేశాయి. గడప లేదు కదా, ఆపేదేముంది? పిన్ని కేక విని బాబాయి కంగారుగా కడ్డీ పట్టుకుని లేవబోయాడు. కడ్డీ గోడలోంచి ఊడి చేతికొచ్చింది. గోరంత మరలు, అవీ పైపూతలోకే బిగించారు, ఇటుకదాకా పోనేలేదు. కిందపడితే కనుబొమ్మ మీద ఏడు కుట్లు పడ్డాయి.

"రేపు మనుషుల్ని పంపిస్తామమ్మా" అంటూ మూడు వారాలు చెవిలో పువ్వులు పెట్టాడు నవ్వులరాజు. ఆ తర్వాత ఫోను ఎత్తడం మానేశాడు. పిన్నీ నేనూ వాళ్ల ఆఫీసుకి వెళ్లి చూస్తే షట్టరు దించి ఉంది, బోర్డు లేదు. పక్క కొట్టువాణ్ణి అడిగితే రెండు వీధుల అవతలకి మారాడన్నాడు. అక్కడ కొత్త పేరుతో బోర్డు, లోపల అదే బల్ల, అదే నవ్వు.

"ఆ కంపెనీ మూసేశామమ్మా. దానికీ దీనికీ సంబంధం లేదు. కావాలంటే ఈ కంపెనీలో కొత్తగా రాయించుకోండి, పాత కస్టమరని చూసి చేస్తాం."

"మనిషివి నువ్వేగా?" అంది పిన్ని.

"మనిషి వేరు, కంపెనీ వేరు కదమ్మా."

సిగ్గూ ఎగ్గూ లేని మాట అది. బాబాయి కనుబొమ్మ మీద కుట్ల మచ్చ ఇంకా ఎర్రగానే ఉంది, వీడేమో కొత్త కంపెనీ రంగు కాగితాలు మా చేతిలో పెడుతున్నాడు. అసహ్యం వేసింది నాకు.

వినియోగదారుల ఫిర్యాదుల ఆఫీసులో ఒక గుమాస్తా అమ్మాయి కాగితాలన్నీ ఓపిగ్గా చూసింది. "బోర్డు తిప్పేస్తే బాధ్యత తీరిపోదండీ. ఆ కంపెనీ ఆయనొక్కడి సొంతం, కాబట్టి ఫిర్యాదు ఆయన మీదే వేయండి. కాకపోతే మా పరిశీలకుడు వచ్చి చూసేదాకా గదిలో ఏదీ ముట్టుకోకండి. బాగుచేయించేస్తే రుజువు పోతుంది."

ఆ పరిశీలకుడు రావడానికి నాలుగు నెలలు పట్టింది. తెలిసిన మేస్త్రీ మూడు రోజుల్లో సరిచేస్తానన్నాడు. "కేసూ వద్దు, పాడూ వద్దు. రేపే మేస్త్రీని పిలుస్తానండీ" అంది పిన్ని. బాబాయి ఒప్పుకోలేదు. "వాణ్ణి ఊరికే వదిలేస్తామా?" అన్నాడు. నాలుగు నెలలూ పిన్ని తలుపు దగ్గర పాతగుడ్డలు అడ్డంపెట్టి, ఆయనకు స్నానం చేయించి, పడకగది తుడుచుకుంది.

చివరికి పరిశీలకుడు వచ్చాడు, నవ్వులరాజూ వచ్చాడు. బకెట్టు నీళ్లు పోస్తే తిన్నగా మంచం కిందికి వెళ్లాయి.

"నీళ్లన్నాక అటూ ఇటూ పోవా సార్? మామూలు వాళ్లకి ఇదసలు ఇబ్బందే కాదు" అన్నాడు నవ్వులరాజు. పళ్లు రాలగొట్టాలనిపించింది.

పరిశీలకుడు బాబాయి వైపు తిరిగాడు. "ఈ గది వల్ల మీకు కలిగిన ఇబ్బందేంటో చెప్పండి, రాసుకోవాలి."

"నేను చెబుతానండీ" అంది పిన్ని గబగబా.

"వాడుకునేది ఆయన కదమ్మా, ఆయన నోటితోనే చెప్పాలి."

బాబాయి కుర్చీని పరిశీలకుడికి ఎదురుగా తిప్పుకున్నాడు. "నా అంతట నేను స్నానం చేయలేకపోతున్నాను. నా పెళ్లాం చేయిస్తోంది. రాసుకోండి."

"రోజూనా?"

"రోజూ."

నేను గోడ వైపు తిరిగాను. నవ్వులరాజు ఫోను చూసుకుంటున్నాడు.

కేసు గెలిచాం. కంపెనీ మూసేశానంటే కుదరదని, తీసుకున్న డబ్బంతా ఆయనే సొంతంగా తిరిగి ఇవ్వాలని తీర్పు వచ్చింది. "మా మనుషులతోనే మళ్లీ చేయిస్తాను" అని కబురు పెట్టాడట. గుమ్మం తొక్కనివ్వనంది పిన్ని. మేస్త్రీ అన్నట్టే మూడు రోజుల్లో సరిచేశాడు. ఇప్పుడు బాబాయి తలుపేసుకుంటే గంటకు గానీ బయటికి రాడు.

తీర్పు కాగితం మాత్రం పిన్ని ఎవరికీ చూపించలేదు. రెండో పేజీలో, పరిశీలకుడితో బాబాయి అన్న మాట అన్నట్టే అచ్చయింది.

మొన్న నేను అక్కడుండగా వెనక వీధి ఆవిడ వచ్చింది. వాళ్ల పైకప్పు పనీ నవ్వులరాజుదే, అదీ కారుతోంది. "మీ తీర్పు నకలు ఒకటి ఇస్తే నేనూ కేసు వేస్తాను వదినా" అంది.

"ఎక్కడో పెట్టాను వదినా, కనబడటం లేదు" అంది పిన్ని తల దించుకుని.

స్నానాల గదిలో నీళ్ల చప్పుడు ఆగింది. మూసిన తలుపు వెనకనుంచి బాబాయి గట్టిగా అన్నాడు.

"బీరువాలో బట్టల కింద ఉందే, తీసివ్వు. రెండో పేజీతో సహా ఇవ్వు."