నలభై ఒక్క సాక్ష్యాలు

కూలిమనిషి సామ్రాజ్యం మిరప చేలో ఈ గట్టున ఒక మాటంటే ఆ గట్టున ఉన్నవాళ్లు జవాబు చెబుతారు. అంత గొంతు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. ఈమె నోరు మంచిదే, కాకపోతే కాస్త పెద్దది. తర్లుపాడు దాటి లోపలికి పోతే తగిలే పాలెంలో ఆమెకు యాభై రెండేళ్లు నిండాయి. చదువు మూడో తరగతి దగ్గర ఆగింది గానీ, బైబిలు మాత్రం అక్షరం కింద వేలు పెట్టుకుని రోజూ చదువుతుంది. కూలికి వెళ్లని రోజు ఉందంటే రెండే కారణాలు. ఒకటి జ్వరం, రెండు నీళ్ల బండి.

ఆ ఊళ్లో బోర్లు సగం ఎండినవే. ఎండనివాటి నీళ్లు తాగితే పళ్లు గారపట్టి, మోకాళ్లు బిగుసుకుపోతాయి. అందుకని ఫిబ్రవరి మొదలు వానలు పడేదాకా ట్యాంకరే దిక్కు. ఆ ట్యాంకరు పద్నాలుగు ఊళ్లు తిరగాలి. నింపే చోట కరెంటు ఉంటే పొద్దున ఆరుకే వస్తుంది, లేకపోతే మధ్యాహ్నం మూడవుతుంది. ఎప్పుడొస్తుందో నడిపే గురుస్వామికే తెలియదు. కాబట్టి ఇంటికొకరు బిందెల దగ్గర కాపలా ఉండాలి. ఇంటికొకరంటే ఆడమనిషేనని వేరే చెప్పాలా? కాపురానికి వచ్చిన ఏడు మొదలు సామ్రాజ్యం ప్రతి ఎండాకాలం వారానికి మూడు రోజులు ఆ బిందెలకే అర్పించింది.

కూతురు ఫెబీ ఆ కాపలా చూస్తూ పెరిగిన పిల్ల. మార్కాపురంలో కంప్యూటర్ డిగ్రీ చేసి, అక్కడే యోగేష్ నడిపే ఇంటర్నెట్ సెంటర్‌లో పనికి కుదిరింది. రెండేళ్లు తీరిక దొరికినప్పుడల్లా కూర్చుని ఒక యాప్ తయారుచేసింది. పేరు ‘నీళ్ల బండి’. గురుస్వామి ట్యాంకరు నింపుకోగానే తన ఫోనులో ఒకసారి నొక్కుతాడు, ఊరు ఊరికీ మళ్లీ నొక్కుతాడు. ఇంకో గంటలో మీ ఊరికి బండి అని అందరి ఫోన్లూ తెలుగులో పైకి చెబుతాయి. నీళ్లు పట్టుకున్నాక ఆడవాళ్లు ‘నీళ్లు అందినాయి’ అనే బొత్తాం నొక్కాలి. అంతే యాప్. అంత చిన్న సంగతికి ఆ ఎండాకాలం పాలెంలో ఆడవాళ్లందరూ పనుల్లోకి పోయారు. పిలుపు వినపడ్డాక చేలోంచి ఇంటికొచ్చి, నీళ్లు పట్టి, మళ్లీ పోయేవాళ్లు. సామ్రాజ్యానికి కూతుర్ని చూస్తే కళ్లు నెత్తికెక్కాయంటే అబద్ధం కాదు.

తప్పు జరిగింది ఆ సంతోషంలోనే.

పాలెం చర్చిలో ఆరాధన అయ్యాక సాక్ష్యాలుంటాయి. దేవుడి వల్ల మేలు పొందినవాళ్లు లేచి అందరి ముందూ చెప్పాలి, మిగతావాళ్లు ఆమేన్ అనాలి. మేలు పొంది నోరు మూసుకున్నవాడు దొంగతో సమానమని పాస్టరు అబ్రహాముగారి నమ్మకం. మార్చిలో ఒక ఆదివారం సామ్రాజ్యం లేచి నిలబడింది.

“నలభై దినాలుగా బిందెల కోసరం నేను ఒక్క పూట పని మానలేదు అయ్యగారూ. బండి ఎప్పుడొస్తాదో ఫోనే చెప్తాంది. నా బిడ్డ చేత దేవుడే చేయించినాడు” అంది.

అబ్రహాముగారికి ఆ మాట బాగా పట్టింది. “ఇట్లాంటి మేలు మనలో మనమే చెప్పుకుంటే ఎట్లమ్మా? ఫోనులో కూడా సాక్ష్యం రాయొచ్చంట గదా. అందరూ రాయండి” అన్నాడు.

చర్చిలో సిగ్నల్ అందదు. పక్కనే ఉన్న పాస్టరుగారి ఇంటి వైఫై అందరికీ కలిపారు. ఏం రాయాలో చాలామందికి తెలియలేదు. అప్పుడు పాస్టరుగారి అమ్మాయి ఇందు, సామ్రాజ్యం చెప్పినదాన్నే పొట్టిగా టైపు చేసి చర్చి గ్రూపులో పెట్టింది. ‘దేవునికి స్తోత్రం. నీళ్ల బండి చెప్పిన టైముకే వస్తాంది. బిందెల కాపలా తప్పింది.’ అందరూ దాన్నే తీసి యాప్ స్టోర్‌లో అతికించారు, ఐదు నక్షత్రాలూ నొక్కారు. పది నిమిషాల్లో నలభై ఒక్క సాక్ష్యాలు. ఏదో పరీక్షకు దరఖాస్తుల చివరి రోజు కావడంతో ఫెబీ ఆ పూట మార్కాపురంలోనే ఉండిపోయింది. ఉండుంటే వద్దనేది.

బుధవారం ఈమెయిల్ వచ్చింది. ఒకే చోటు నుంచి, ఒకే సమయంలో, ఒకే మాటలతో నలభై ఒక్క రివ్యూలు వచ్చాయట. అవి నకిలీవట. అది యాప్ స్టోర్ నిబంధనలకు విరుద్ధం కాబట్టి యాప్‌ను తీసేశామనీ, డెవలపర్ ఖాతాను శాశ్వతంగా మూసేశామనీ అందులో ఉంది. ఆ సాయంత్రానికల్లా పాలెంలో ప్రతి ఫోనూ, ఈ యాప్ ప్రమాదకరం, తీసేయమంటారా అని అడిగింది. ప్రమాదమంటే ఎవరికి భయం ఉండదు? అందరూ తీసేయమన్నారు. గురుస్వామి కూడా తీసేయమన్నాడు. ఆ స్టోర్‌లో లేని యాప్‌ను ఫెబీ విడిగా పంపినా, మళ్లీ అదే హెచ్చరిక చూసి ఎవరూ ముట్టుకోలేదు. శుక్రవారం నాటికి బిందెలు వరసలోకి వచ్చాయి, వాటి వెనక ఆడవాళ్లు వచ్చారు. మిరప కోతలు జోరుగా ఉన్న రోజులు.

ఫెబీ తిరిగి పరిశీలించమని రాసింది. అరగంటలో జవాబొచ్చింది, మొదటి మెయిల్‌లో ఉన్న మాటలే. మనిషి చదివి ఉంటే అరగంటలో తేలేది కాదు.

“అట్ల కాదు ఫెబీ, తప్పయిపోయిందని రాయి” అన్నాడు యోగేష్. “ఆ రివ్యూలు డబ్బులిచ్చి రాయించినాం, మళ్లీ చేయం అని ఒప్పుకుంటే ఖాతా తిరిగిస్తారంట. డెవలపర్లందరూ అట్లనే చేస్తారు. వాళ్లతో కొట్లాడి గెలిచినోడు ఎవడూ లేడు.”

ఫెబీ ఆ రాత తయారుచేసుకుని ఇంటికి తెచ్చింది. సామ్రాజ్యం బియ్యం చెరుగుతోంది.

“క్షమాపణే గదా, పంపు. ఇంతకూ ఏమని రాసినావు?”

“ఆ రివ్యూలు నిజం కావని. డబ్బులిచ్చి రాయించినామని.”

చేట ఆగింది. “నేను దేవుని ముందర నిలబడి చెప్పింది అబద్ధమని నువ్వు సంతకం పెడతావా?”

“అమ్మా, అది వాళ్లకు చెప్పే మాట. దేవునికి కాదు.”

“ఎవరికి చెప్తే ఏంది? నలభై ఒక్కమంది నోటి మీద పేడ కొట్టి తెచ్చుకుంటామా దాన్ని?”

ఫెబీకి విసుగొచ్చింది. వారం రోజులుగా నిద్ర లేదు, రెండేళ్ల పని మట్టిలో కలిసింది. “నీకు యాప్ కావాల్నా, మాట కావాల్నా? ఏదో ఒకటి చెప్పు.”

“రెండూ కావాల” అంది సామ్రాజ్యం.

ఆ రాత్రి కూతురు అటు తిరిగి పడుకుంది. సామ్రాజ్యానికి లోపల గుబులుగానే ఉంది. ఈ ముప్పు తెచ్చింది తన నోరే కదా. మంచికి పోతే చెడు ఎదురైందని ఎవరితో చెప్పుకుంటుంది? అయినా, సాక్ష్యం అబద్ధమని రాయించడానికి మాత్రం ఆమెకు మనసొప్పలేదు.

పొద్దున్నే ఆమె కూతురిని అడిగింది, “వాళ్ల నిబంధనలు అంటాండావు గదా. అవి చదివినావా?”

ఫెబీ చదవలేదు. ఎవరు చదువుతారు? అరవై రెండు పేజీలు. కిందికి జరిపి, ఒప్పుకుంటున్నాను అని నొక్కడమే లోక మర్యాద.

“ఒప్పుకున్నాక చదవకపోతే ఎట్ల? బిందెల కాడ నాలుగ్గంటలు ఊరికే కూర్చుంటన్నాం. ఆడికొచ్చి చదువు” అంది.

అట్లా ఒక బహుళజాతి కంపెనీ ఒప్పందం పాలెంలో బిందెల మధ్య పారాయణకు వచ్చింది. యోగేష్ నాలుగు రోజులు సెలవిచ్చాడు. ఫెబీ ఇంగ్లీషులో ఒక వాక్యం చదివి తెలుగులో చెప్పేది. ఆడవాళ్లు బైబిలు తరగతికి కూర్చున్నట్లే కూర్చుని, అర్థం కాకపోతే మళ్లీ చెప్పించుకునేవాళ్లు. ఏ మాట ఎక్కడుందో వాళ్లకు అధ్యాయం, వచనంతో సహా గుర్తుండిపోయింది. సామ్రాజ్యం పక్కింటి మల్లి చర్చికి రాదు గానీ అందరికన్నా పట్టుగా ప్రశ్నలు వేసేది. “వాళ్లకిష్టమైతే ఎప్పుడైనా తీసేయొచ్చు అని ఏడుసార్లు రాసుకున్నారే. ఒకసారి రాస్తే చాలదా? భయమున్నోళ్లు గదా అన్నిసార్లు రాసుకునేది” అని తేల్చింది.

మూడో రోజు పదకొండో అధ్యాయం వచ్చింది. యాప్ వాడనివారు రాసినా, ప్రతిఫలం తీసుకుని రాసినా ఆ రివ్యూ నకిలీ అని ఫెబీ చదివింది.

“ఆగు. మళ్లీ చదువు” అంది సామ్రాజ్యం. ఫెబీ చదివింది. “అంటే వాడినోళ్లు ఊరకే రాస్తే నకిలీ కాదు. అందరూ ఒకే మాట రాయగూడదని యాడన్నా ఉందా?”

ఫెబీ ముందుకూ వెనక్కూ వెతికింది. ఎక్కడా లేదు. ఆ పిల్ల ముఖంలోకి ఎన్నాళ్లకో మళ్లీ కళ వచ్చింది.

నాలుగో రోజు చివరి పేజీల్లో ఇంకోటి దొరికింది. అప్పీలు రెండుసార్లు తిరస్కరించాక, డెవలపర్ కోరితే మనుషుల చేత, డెవలపర్ భాషలో విచారణ జరపాలి. సంగతి విన్న యోగేష్ చాలాసేపు తల గోక్కున్నాడు. ఆ పేజీ దాకా పోయినవాళ్లను అతను చూడలేదు.

ఫెబీ రెండో అప్పీలు పెట్టింది, అరగంటలో తిరస్కరించారు. వెంటనే విచారణ కోరింది. ఆధారం ఆమె దగ్గరే ఉంది. ‘నీళ్లు అందినాయి’ అని ఎవరు ఏ రోజు ఎన్నింటికి నొక్కారో అంతా నమోదై ఉంది. రివ్యూ రాసిన పేర్లతో సరిచూసింది. ముప్పై ఏడు కుదిరాయి. నాలుగు కుదరలేదు. ఆ ఆదివారం దర్శి నుంచి పాస్టరుగారింటికి వచ్చిన చుట్టాలు నలుగురూ, అందరూ రాస్తుంటే బాగుండదని తామూ రాశారు. వాళ్ల ఊరికి ఈ బండే పోదు.

“ఈ నాలుగూ వాళ్లు అడిగితే చెప్దాం, లేకుంటే వద్దు” అంది ఫెబీ.

“అడగకముందే చెప్దాం” అంది సామ్రాజ్యం.

గురువారం పదకొండింటికి విచారణ. ఆ పూట ఎవరూ కూలికి పోలేదు. చర్చిలో ఫెబీ ల్యాప్‌టాప్ బల్ల మీద పెట్టారు, పాస్టరుగారి వైఫైనే కలిపారు. అంత గొడవ తెచ్చిన వైఫైని ఆయన ముందురోజే పరీక్షించి పెట్టాడు. తెర మీద ముగ్గురు కనిపించారు. తెలుగులో మాట్లాడినావిడ పేరు సుచరిత, హైదరాబాదు కార్యాలయంలో అధికారి. మర్యాదగానే మొదలుపెట్టింది.

“ఒకే చోటు నుంచి, పది నిమిషాల్లో, అక్షరం తేడా లేకుండా నలభై ఒక్క రివ్యూలు. మీరే చెప్పండి, మేమేం అనుకోవాలి?”

ఫెబీ నోరు తెరిచేలోపు సామ్రాజ్యం బల్ల ముందుకొచ్చి నిలబడింది.

“అమ్మా, ప్రార్థన అయినాక ఈ ఇంట్లో మేమందరం ఒకే చోట, ఒకేసారి, ఒకే మాట అంటాం. ఆమేన్ అని. ఒకరి నోట్లో నుంచి వచ్చిందే అందరి నోట్లో నుంచి వస్తాది. అందుకని అది అబద్ధమా? అందరిదీ ఒకే బండి, ఒకే కష్టం. కష్టం తీరితే తలా ఒక రకంగా యాడ చెప్తాం?”

సుచరిత పక్కనున్న ఇద్దరికీ ఇంగ్లీషులో చెప్పింది. చాలాసేపు చెప్పింది.

“ఇంకోటమ్మా” అంది సామ్రాజ్యం. “అందులో నాలుగు తప్పు. దర్శి చుట్టాలు మర్యాదకు రాసినారు, వాళ్లు వాడలేదు. అవి తీసేయండి. ముప్పై ఏడు మాత్రం నిజం. మీ పదకొండో అధ్యాయం ప్రకారమే నిజం.”

అధ్యాయం మాట విని సుచరిత ముందున్న కాగితాలు తిరగేసింది. ఫెబీ నమోదులన్నీ తెర మీద చూపింది. తర్వాత ఒక్కొక్కరే వచ్చి పేరు చెప్పి, ఏ రోజు నీళ్లు పట్టిందీ చెప్పారు. ఒకామె పట్టిన రోజుతో పాటు ఆరోజు వండిన కూర కూడా చెప్పింది. ముప్పై ఏడు మందినీ వినేసరికి రెండు దాటింది. సుచరిత మధ్యలో ఎవరినీ ఆపలేదు.

తొమ్మిదో రోజు జవాబొచ్చింది. ఈసారి మనిషి రాసిందేనని మొదటి వాక్యంలోనే తెలిసిపోయింది. నాలుగు రివ్యూలు తీసేశారు. ముప్పై ఏడూ ఉంచారు. యాప్‌నూ ఖాతానూ తిరిగి ఇచ్చారు, పొరపాటు తమదని ఒప్పుకున్నారు. అక్కడితో ఆగలేదు. పదకొండో అధ్యాయంలో ఒక వాక్యం కొత్తగా చేర్చారు. రివ్యూలు ఒకే చోటు నుంచి ఒకే మాటలతో వచ్చినంత మాత్రాన నకిలీ అనరాదు, ఖాతా మూసేముందు యాప్ వాడినట్లున్న ఆధారాలను మనిషి పరిశీలించాలి అని.

ఫెబీ అది చదివి వినిపించి తల్లి మెడ చుట్టుకుంది. సామ్రాజ్యం ఏడ్చింది, నవ్వింది, రెండూ ఊరంతటికీ వినపడ్డాయి. ఆ రాత్రే గురుస్వామితో సహా అందరూ యాప్‌ను మళ్లీ ఫోన్లలోకి ఎక్కించుకున్నారు. మర్నాడు ట్యాంకరు వచ్చేసరికి వరసలో బిందెలున్నాయి గానీ ఒక్క ఆడమనిషి లేదు. అందరూ గట్ల మీద అప్పుడే పరుగున వస్తున్నారు. గురుస్వామి బండి దిగి వాళ్ల కోసం చూస్తూ నిలబడ్డాడు. ముప్పై ఏళ్లలో అతను వాళ్ల కోసం ఎదురుచూడటం అదే మొదటిసారి.

జూన్‌లో ఫెబీకి ఎక్కడి నుంచో ఒక మెయిల్ వచ్చింది. చేపలు పట్టేవాళ్లకు యాప్ చేసిన కుర్రాడట. వాళ్ల ఊరందరూ ఒకేలా రాశారని అతని ఖాతా కూడా మూసేస్తే, ఈ కొత్త వాక్యం చూపించి తెరిపించుకున్నాడట. ఈ వాక్యం రాయించింది మీరేనని తెలిసింది, అంత పెద్ద కంపెనీ చేత దీన్ని రాయించిన లాయరు ఎవరో చెబుతారా అని అడిగాడు.

“ఏమని రాయమంటావు?” అంది ఫెబీ.

సామ్రాజ్యం ఎండుమిరపకాయల తట్ట దించి చేతులు దులుపుకుంది. “మేమే అని రాయి. ముప్పై ఏడు మంది పేర్లూ రాయి. ఒక్కటి కూడా వదలొద్దు.”

ఫెబీ అన్ని పేర్లూ రాసింది.