పలికేదాకా ఆగే టీచరమ్మ

దగ్గరికి జరిగి కూర్చోండి, మా ఇంట్లో కిరాయికున్న టీచరమ్మ సంగతి చెబుతాను. హాజరులో ఒక పిల్ల పలికేదాకా ఇంకో పేరు పిలవని మనిషి.

కరోనాకు బడి మూసేశాక, దూరం నుంచి పాఠం ఎలా చెప్పాలో టీచర్లకు ఫోన్‌లోనే ట్రైనింగ్ పెట్టారు. "పిల్లల మైకులు బంద్ పెట్టాలె మేడం, లేకుంటే లొల్లి లొల్లి," అన్నాడు నేర్పే సారు. ఆమె మొహం పాలిపోయింది.

"పలకకపోతే పానంతో ఉన్నరో లేదో ఎట్ల తెలుస్తది పెద్దమ్మా?" అంది నాతో.

"గట్లనకు బిడ్డా, నీ నాలుక మీద మచ్చ గిట్ల ఉందేమో!" అని కసిరాను.

మొదటి పాఠం రోజు మైకులన్నీ తెరిపించి హాజరు తీసుకుంది. మేకలు అరిచాయి, ఎవరో దగ్గారు. ఆఖరి పేరు అడవి గూడెం పిల్లది, అది ఒక్కతే పలకలేదు. ఇంటికి ఫోన్ చేస్తే కలవలేదు. నేను వద్దంటున్నా మాస్కు కట్టుకుని స్కూటీ మీద వెళ్లిపోయింది.

పొద్దువాలాక వచ్చి గేటు బయటే నిలబడింది. "పిల్ల మంచిగనే ఉంది పెద్దమ్మా! ఫోన్ వాళ్ల నాయిన అడవికి పట్టుకపోయిండట," అంటూ ఏడ్చింది. నేను కళ్లు తుడవబోతే వెనక్కి జరిగింది. "ముట్టకు! ఆ గూడెం నిండ కరోనా జరాలే."

దేవుడి దయవల్ల ఆమెకేమీ కాలేదు. అంతటి భయం మీ గడప తొక్కకూడదు. పిల్లాపాపలతో మీ ఇల్లు చల్లగా ఉండాలి.