సిద్ధాంతంలో కాఫీ తాగని రోజు

మొన్న ఆదివారం పొద్దున్నే ఫోన్ వచ్చింది. హెడ్ సిస్టర్ గారు పోయారని ఆవిడ కూతురు చెప్పింది. న్యుమోనియా. నాలుగు రోజులు ఇంట్లోనే పడుకుని, అడిగినవాళ్ళందరికీ "బాగానే ఉన్నాను" అని చెప్పారట. చదివేవారు మన్నించాలి, నాకు ఏడుపు కంటే ముందు ఒళ్ళు మండింది. ఆ మాట ఎవరు చెప్పినా నమ్మకూడదని నాకు నేర్పిందే ఆవిడ!

రెండేళ్ళ క్రితం చేపల చెరువు గట్టు మీద జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నాను. (గట్టు మీదికి ఎందుకెళ్ళానన్నది వేరే కథ. అందులో మా బావమరిది తప్పు చాలా ఉంది.) రాజమండ్రిలో ఆపరేషన్ చేశారు. ఆ వార్డుకి ఆవిడ హెడ్ సిస్టర్. పరమ చాదస్తం. మంచం మీద కూర్చున్న చుట్టాన్నల్లా లేపేసేవారు. మా బావమరిది పూతరేకుల డబ్బా విప్పితే, "ఇది హాస్పిటలా, పెళ్ళివారి విడిదా అండీ?" అని మూత పెట్టించారు.

"ఎలా ఉన్నారు?" అని మాత్రం రోగిని ఎప్పుడూ అడిగేవారు కాదు. "మన గోదావరి వాళ్ళు ప్రాణం పోతున్నా బాగున్నామండీ అంటారు, బాబాయి గారూ. అది మర్యాద, జవాబు కాదు" అనేవారు. దానికి బదులు మణికట్టు పట్టుకుని, "మీ ఊరికి ఎలా రావాలండీ?" అనేవారు. నాడి చూస్తున్నారనుకునేవాణ్ణి. కళ్ళు మాత్రం నా ఛాతీ మీద, తన చేతి గడియారం మీద ఉండేవి. ఊపిరి లెక్కపెడుతున్నారని తెలిస్తే మనిషి ఊపిరి తీరే మారిపోతుందట. అందుకని ఈ నాటకం.

నన్ను దారి అడగడమంటే మాటలా? మొదటిరోజు రావులపాలెం చేరేసరికే పది నిమిషాలు పట్టింది. వంతెన దాటి సిద్ధాంతం అనే ఊళ్ళో కాఫీకి ఆగాను. ఆ హోటలాయన పాలలో నీళ్ళు కలపడు, నీళ్ళలో పాలు కలుపుతాడు. రెండోరోజు ఆయన వియ్యంకుడి సంగతీ చెప్పాను. "మార్టేరు ఎప్పుడు చేరతామండీ?" అని విసుక్కుంటూనే నిలబడి వినేవారు.

మూడోరోజు మధ్యాహ్నం మళ్ళీ అడిగారు.

"పాలకొల్లు బస్సెక్కి... మార్టేరులో... దిగడమే" అన్నాను.

ఆవిడ చెయ్యి వదల్లేదు. నిండా ఒక నిమిషం అలాగే నిలబడి, డ్యూటీ డాక్టరుని కేకేశారు. ఆయన వచ్చి నా వేలికి తొడిగిన క్లిప్పు చూశాడు. "ఆక్సిజన్ తొంభై అయిదు ఉంది కదా సిస్టర్. ఏమండీ, ఎలా ఉంది?"

"బాగానే ఉందండి" అన్నాను. మర్యాద!

"పొద్దున్న నిమిషానికి పద్దెనిమిదిసార్లు ఊపిరి తీశారు, ఇప్పుడు ముప్ఫై. పైగా ఈయన మూడు ముక్కల్లో మార్టేరు చేరిపోయారు డాక్టర్ గారూ. సిద్ధాంతంలో కాఫీ కూడా తాగలేదు. పెద్ద డాక్టరు గారికి మీరు ఫోన్ చేస్తారా, నన్ను చెయ్యమంటారా?"

"అయ్యో, ఇవ్వాళ కాస్త నెమ్మదిగా ఉన్నారని సంతోషిస్తున్నానమ్మా!" అంది మా ఆవిడ.

కాలిలోంచి కదిలిన రక్తపు గడ్డ ఊపిరితిత్తిలో ఇరుక్కుందని స్కాన్‌లో తేలింది. ఇంకో పూట ఆగి ఉంటే, ఇలాంటి వ్యాసం నా మీదే వచ్చి ఉండేదనీ, అదైనా క్లుప్తంగా ఉండేదనీ మా ఆవిడ ఇప్పటికీ అంటుంది.

ఇంటికొచ్చాక నెలకోసారి సిస్టర్ గారికి ఫోన్ చేసేవాణ్ణి. పోవడానికి మూడు రోజుల ముందూ చేశాను.

"ఎలా ఉన్నారమ్మా?"

"బాగానే... ఉన్నానండి... చెప్పండి."

చెప్పాను. అరగంట. పది చోట్ల నన్ను అడ్డుకునే మనిషి ఒక్కసారీ విసుక్కోలేదు. ఇవ్వాళ ఎంత ఓపిగ్గా విన్నారో అని మురిసిపోయాను కూడా. పాఠం నా మంచం మీదే జరిగింది, తెలివి మాత్రం ఆ మంచం మీదే వదిలేసి వచ్చాను.

మొన్న ఆదివారం సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. "ఎలా ఉన్నారు తాతగారూ?" అంది కూతురు. అలవాటు కొద్దీ బాగానే అనబోయి ఆగాను.

"బాగాలేనమ్మా."

ఆ అమ్మాయి పక్కన కూర్చుని నా మణికట్టు పట్టుకుంది. పట్టుకున్న ఆ చేతికి తల్లి గడియారం ఉంది. సెకన్ల ముల్లు తిరుగుతూనే ఉంది.