గోడకు అంటించిన కాగితం

నేను రాసి అమ్మిన సాఫ్టువేరు ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మూడు ఊళ్ళలో కలిపి ఆరు టెంటు హౌసులకు మించి పోలేదు. షామియానాలు, కుర్చీలు, గుండిగలు బాడుగకిచ్చేవాళ్ళకు ఏ సామాను ఏ రోజు ఏ ఊళ్ళో ఉంటుందో చెప్పడం దాని పని. దాన్ని వ్యాపారం అంటే మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుతారు. నవ్వనీ. కంప్యూటరు సెంటరులో రెండేళ్ళు పాఠాలు చెప్పినా నాకు రానిది ఆ కొట్లలో వచ్చింది. అందులోనూ మొదటి కొట్లో.

అది జమ్మలమడుగులో ఉండేది. యజమాని అరవై దాటిన మనిషి. నేను మామా అనేదాన్ని, ఆయన పాపా అనేవాడు. జెండా రంగు చూసి జనం వీధి మార్చి నడిచే రోజులవి. అయినా రెండు పార్టీల మీటింగులకూ, రెండు వర్గాల పెళ్ళిళ్ళకూ షామియానా ఆయనదే. ఇటువాళ్ళూ అటువాళ్ళూ ఆయన బల్ల ముందు అదే బెంచీ మీద కూర్చుని టీ తాగిపోయేవాళ్ళు, వేర్వేరు పూటల్లో. బుకింగులన్నీ ఆయన తలలోనే ఉండేవి. "మతిమరుపు వస్తాంది పాపా, అందుకే నీ మిషను" అన్నాడు మొదటి రోజు.

ప్రోగ్రాం నడిచిన మొదటి వారమే నా గొప్ప చూపించుకోవాలనిపించింది. ఆయన శుక్రవారం నమాజుకు పోయినప్పుడు, రాబోయే బుకింగులన్నీ తేదీ, ఊరు, పేరుతో ప్రింటు తీసి బెంచీకి ఎదురుగా గోడకు అంటించాను. ఆయన తిరిగి వచ్చేసరికి, కుర్చీల కోసం వచ్చిన ఒకతను దాని ముందు నిలబడి వేలు పెట్టి చదువుతున్నాడు. మామ అతనికి టీ తెప్పించి, మాట్లాడి, సాగనంపాడు. ఆ తరవాత కాగితం పీకి నాలుగు ముక్కలు చేశాడు.

నాకు ఒళ్ళు మండింది. "ఏంది మామా, పొద్దున్నుంచీ కూచోని చేసినా!" అన్నాను.

"గోడకు చెవులుంటాయంటారు పాపా. నువ్వు నోరు గూడా పెట్టినావు" అన్నాడు. "గురువారం పెండ్లి ఉండాదే, ఆ పెండ్లికూతురి నాయన ఆర్నెల్లుగా గడప దాటలేదు. శుభలేఖలు గూడా ఎయ్యలేదు. ఆయప్ప యాడ, ఎప్పుడు కూచుంటాడో తెలిస్తే చాలని అవతలి వర్గమోళ్ళు కాచుకోని ఉండారు. ఇప్పుడు చదివి పోయినోడు వాళ్ళ మనిషే."

పెళ్ళిపందిట్లో ఏం జరగొచ్చో అప్పుడు తెలిసొచ్చింది. ఆయన అప్పటికే స్కూటరు తీస్తున్నాడు. నేనూ వస్తాను, చేసింది నేనే అని చెప్తాను అన్నాను.

"నువ్వు అంటించింది నా గోడకు గదా. ఈడ్నే కూచో."

మండే ఎండలో ఒక్కడే పెళ్ళివాళ్ళ ఊరికి పోయి, తేదీ తన కొట్లోంచే బయటపడిందని చెప్పొచ్చాడు. పెళ్ళి అక్కడ జరగలేదు. బుధవారమే గండి ఆంజనేయస్వామి గుడి దగ్గర పదిమందితో, షామియానా లేకుండా అయిపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు.

ఆ వారమంతా కూర్చుని ప్రోగ్రాం తిరగరాశాను. ఆయన పాస్‌వర్డు కొడితే తప్ప పేరు, ఊరు తెర మీదికి రావు. కాగితం మీదికి అసలే రావు. తక్కిన ఐదు కొట్లవాళ్ళూ అది చూసే కొన్నారు.

మూడేళ్ళ తరవాత కంప్యూటరు మార్చడానికి వెళ్ళాను. ఆయన పాస్‌వర్డు కొట్టి, "చూసుకో పాపా" అని పక్కకు తప్పుకున్నాడు. పాత బుకింగులు సరిచూస్తుంటే ఆ పెళ్ళికూతురి నాయన పేరు తగిలింది. అంతకు ముందు ఆ ఇంట్లో సీమంతమైనా, పెళ్ళైనా, కర్మంతరమైనా సామానంతా ఇక్కడినుంచేనని ఆ బుకింగు ఎక్కించేటప్పుడు మామే చెప్పాడు. ఆ గురువారం తరవాత ఒక్కటీ లేదు.

"వాళ్ళు మళ్ళా రాలేదా మామా?"

"నమ్మకం పోయిన కొట్టుకు ఎవురొస్తారు పాపా?"

నాకు ఏడుపొచ్చింది. "అది నా పని అని చెప్పింటే పోయేది గదా" అన్నాను.

"పేర్లు బయట పెట్టగూడదని నీకు నేర్పించి, నీ పేరు నేను పెడతానా?" అన్నాడు. "ఏడ్సింది చాల్లే, పని చూడు."