పళ్ళ సందులోంచి పాట

టెక్సస్‌లో చమురు కార్మికులు తాగే బార్లలో వేదిక ముందు కోళ్ళగూటి ఇనుపవల కట్టేవారు. పాట నచ్చకపోతే సీసాలు విసిరేవారు, నచ్చినా విసిరేవారు. వెర్లన్ టాకెట్ ఆ వల వెనక పాడేవాడు. పక్కన నాది ఫిడేలు.

ఒక శనివారం, తన పెళ్ళాన్ని చూస్తూ పాడాడని చమురుబావులు తవ్వే హాస్కెల్ అనే డ్రిల్లర్ వల చించుకొచ్చి, వెర్లన్ గిటారు లాక్కుని దాంతోనే అతని దవడ విరగ్గొట్టాడు. వెర్లన్ చొక్కా మీద దారంతో కుట్టిన గులాబీలు రక్తంలో మునిగిపోయాయి.

సోమవారమే మా మొదటి రికార్డింగు. డాక్టరు అతని దవడను తీగలతో బిగించేశాడు.

"నోరే తెరుచుకోదు, ఏం పాడతావురా?" అన్నాను.

"ఇవాళ తప్పితే మళ్ళీ పిలవరు. నువ్వు వాయించు."

ముళ్ళకంచె దాటే గాలిలా పాట పళ్ళ సందులోంచి వచ్చింది. ఆ రికార్డు ఊరూరా మోగింది.

దవడ అతుక్కున్నాక నోరారా పాడితే, "వీడు వెర్లన్ కాదు, దింపండి" అని సీసాలు విసిరారు. అప్పట్నుంచి ప్రతి రికార్డులోనూ, ప్రతి వేదిక మీదా పళ్ళు బిగించే పాడాడు.

ముసలితనంలో హాస్కెల్ వల దగ్గరికొచ్చి నవ్వాడు. "ఏమోయ్, ఆ గొంతు నేనిచ్చిందేగా."

వెర్లన్ దిగి, గిటారుతో అతని దవడ పగలగొట్టాడు.

"ఇక నువ్వు పాడుకో," అన్నాడు.

పైకొచ్చి, విరిగిన గిటారు పక్కన పెట్టి, నోరారా పాడాడు. ఒక్క సీసా కూడా లేవలేదు.